గడియ వెలిగిన చోటు

ఇంటి నుంచి,
మార్చి 4, మంగళవారం

గౌరవనీయురాలైన అక్కకు,

నీ పిచ్చుక నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మావారు, పాప, నేను ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనే నమ్మకంతో ఈ మాట రాస్తున్నాను. కాదని తెలిస్తే తర్వాతి వాక్యం ఏం రాయాలో నాకు తెలియదు.

ఏడేళ్ల తర్వాత నా దస్తూరీ చూసి, కవరు చించకుండానే పక్కన పడేస్తావేమోనని భయపడ్డాను. అందుకే కవరు మీద నా చిరునామా బదులు బాబాయి చిరునామా, అదీ ఆయన చేతే రాయించాను. మన ప్రయోగశాల ఎలుకల గది బాబాయి గుర్తున్నాడుగా, తుమ్మొస్తే తలుపు బయటే తుమ్మి రమ్మని మనిద్దరినీ గెంటేసేవాడు. పోయిన నెల రిటైరయ్యాడు. నువ్వు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో ఉన్నావని ఆయనే చెప్పాడు. మంచి పనే, ఆమె చేతికి తగినదే అన్నాడు. ఎలుక ఒంటి ముక్కలోంచి వెంట్రుక మందంలో పదోవంతు ఉండే కోత కోసి, కుంచె కొసతో గాజు పలక మీదికి దింపే చెయ్యి నీది.

వెళ్తూ వెళ్తూ ఆయన నా చేతిలో ఒక సంచి పెట్టాడు. ఇంటికొచ్చి విప్పితే నీ నోటుపుస్తకం. పెద్దసారు పారేయమన్నదే. ఇన్నాళ్లూ మేత బస్తాల వెనక దాచాడట. అట్ట మూల ఎలుకలు కొరికాయి. బయటి ఎలుకలేలే, మనవి కావు.

అక్కా, జరిగిందంతా నీకు తెలియనిది కాదు. అయినా నా వైపు నుంచి ఒకసారి చెప్పనివ్వు. ఎవరికైనా చెప్పి ఎన్నాళ్లయిందో.

ఒంట్లో కాపలా తిరిగే కణాల మీద ఉండే ఆ గ్రాహకానికి పెద్దసారు పెట్టిన పేరు నోరు తిరక్క, నువ్వు దానికి గడియ అని పేరు పెట్టావు. సరైన సంకేతం వచ్చి తగిలితే తప్ప తెరుచుకోదు కాబట్టి. గడియ ఉన్న చోటల్లా పచ్చగా వెలిగేలా మార్చిన ఎలుకలు మనవి. పిండంలో ఎన్నో రోజున ఎక్కడ వెలుగుతుంది, పుట్టినప్పుడు ఎక్కడ, పెద్దయ్యాక ఎక్కడ, అదంతా పటంలా గీసి ఇవ్వడం మన పని. ముందు కాలేయంలో, తర్వాత గుండె పైనుండే థైమస్ గ్రంథిలో, పెద్దయ్యాక ప్లీహంలో, పేగు గోడల్లో. అన్నీ అనుకున్న చోటే కనిపించాయి.

అప్పుడే పుట్టిన పిల్లల దగ్గరికొచ్చి నువ్వు ఆగిపోయావు. బొచ్చు రాకముందు వాటి చర్మం తడి కాగితంలా ఉంటుంది. నీలం టార్చి వేసి పసుపు కళ్లద్దాల్లోంచి చూస్తే లోపలి వెలుగు పైకే తెలుస్తుంది. ప్రతి పిల్లకూ వెలగాల్సిన చోట్లు వెలుగుతూనే ఉన్నాయి. అవి కాక ఇంకో చుక్క. ఆవగింజలో సగం. ఒకదానికి దవడ కింద, ఒకదానికి వెన్ను పక్కన, ఏ రెండింటికీ ఒకే చోట ఉండదు. పొట్టలోని పాలు కూడా కొంచెం వెలుగుతాయి, కొత్తవాళ్లు వాటిని చూసి మోసపోతారు. నువ్వు కొత్తదానివి కావు. నలభై రెండు పిల్లలకు నలభై రెండు బొమ్మలు గీసి, చుక్కలు పెట్టి, నోరు మూసుకుని ఏడాది ఆగావు. మన జాతి ఎలుకలు ఏడాది దాటితే ఏదో ఒక జబ్బుతో పోయేవే. మూడింటికి కంతులు బయటపడ్డాయి. మూడూ నువ్వు చుక్క పెట్టిన చోటే. ఆ రోజు పెద్దసారు గదిలో నీ వెనకే నిలబడి ఉన్నాను నేను.

"జబ్బు రాబోయే చోటికి కాపలా పుట్టుకతోనే వచ్చి నిలబడుతోంది సార్," అన్నావు.

ఆయన పరీక్ష పెట్టాడు. నీ పుస్తకం ఆయన బీరువాలో, నలభై రెండు ఎలుకలు మా చేతుల్లో. నిన్ను గదిలోకి రానివ్వలేదు. ఏ ఎలుకకు ఎక్కడ జబ్బుందో మేం కోసి చూసి రాశాక, నిన్ను పిలిచి పుస్తకం తెరిచారు. కుదిరినవి ఆరు. కళ్లు మూసుకుని చుక్కలు పెట్టినా అన్ని కుదురుతాయి, ఊహించుకుని గీశావమ్మా అన్నాడు పెద్దసారు. నువ్వు బల్ల మీది పళ్లేల వైపు చాలాసేపు చూసి, ఇవి నా ఎలుకలు కావు అన్నావు. మర్నాటికి నీ కుర్చీ ఖాళీ.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మళ్లీ కొత్త ఎలుకలు వచ్చాయి. పటం మళ్లీ మొదటి నుంచి గీయాలట, ఈసారి పని నాది. పోయిన వారం పిల్లలు పుట్టాయి. ఆ రోజు పని ఆ రోజు ముగించుకుందామని టార్చి వేశాను. చూడకూడదనే అనుకున్నాను అక్కా. మొదటి పిల్లకే కుడి కన్ను వెనక చుక్క కనిపించింది.

ఇరవై నాలుగు పిల్లలకూ బొమ్మలు గీశాను. ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

నీ
పిచ్చుక


నవంబరు 18

గౌరవనీయురాలైన అక్కకు నమస్కారాలు.

జవాబు రాయలేదు నువ్వు. ఉత్తరం తిరిగి కూడా రాలేదు. ఆ రెండో మాట పట్టుకుని వేలాడుతున్నాను.

మేమంతా బాగానే ఉన్నామని రాసి ఊరుకోవచ్చు. పని చోట మాత్రం నాకు బాగా లేదు.

బొచ్చు వచ్చాక పిల్లల వెలుగు కనబడదు కదా. ఇరవై నాలుగూ పైకి ఒకేలా ఉన్నాయి. పెట్టెకు మూడు చొప్పున పెట్టి, చెవులకు గాట్లు వేసి, కార్డులు తగిలించి పెంచుతున్నాను. పెట్టెలో ఎలుకలు ఒకదాన్నొకటి నాకడం రోజూ చూసేదే. కానీ ఎనిమిదో నంబరును తక్కిన రెండూ ఎడమ తొడ మీద ఒకే చోట నాకుతున్నాయి. అక్కడ గాయం లేదు, వాపు లేదు. వేలితో తడిమి చూశాను, ఏమీ తగల్లేదు. నెల తిరిగేసరికి అక్కడ బొచ్చు ఊడి పావలా బిళ్లంత గుండ్రం పడింది. ఇంటికొచ్చి నా బొమ్మ తీసి చూస్తే చుక్క అక్కడే ఉంది.

మర్నాడు అన్ని పెట్టెలూ చూశాను. ఐదో నంబరుకు మెడ వెనక, పద్నాలుగుకు తోక మొదట్లో. అవి ఏం చూసి నాకుతున్నాయో నాకు అర్థం కాలేదు. వాటి చేతిలో టార్చి లేదు, బొమ్మలూ లేవు.

ఇంకోటి చెబుతాను, భయపడుతోంది పిచ్చుక అనుకో, పరవాలేదు. బయట పట్టపగలు, లోపల ఎర్రదీపం, నీకు తెలుసు. ఎర్ర వెలుగులో ఎలుకకు మనిషి కనిపించదని మనకు నేర్పారు. నేను తలుపు తీస్తే నాకడం ఆపేస్తున్నాయి. ఒక పెట్టెలోనివి కాదు, వరస మొత్తం ఆపేసి ఒకేసారి తలలెత్తుతాయి. మొదట్లో నా మొహం చూస్తున్నాయనుకున్నాను. ఒకరోజు పెట్టెల ఎదురుగా కూర్చుని చూశాను. మొహం కాదు. నా ఎడమ పక్కన, నడుముకు కొంచెం పైన చూస్తున్నాయి. లేచి అటు నడిచాను, ఇటు నడిచాను. తలలు ఆ చోటు వెంటే తిరిగాయి. కొత్తగా వచ్చిన కాపలాదారు వస్తే ఆయన మోకాలి వైపు చూశాయి. ఆయనకు నేను చెప్పలేదు. ఏమని చెప్పను?

మార్చిలో నీకు రాయని సంగతి ఒకటుంది. ఇరవై ఐదో పిల్ల ఉండేది. దానికి చుక్క లేదు. టార్చి వేయగానే ఒళ్లంతా వెలిగింది, నాలుక, అరికాళ్లు, రెప్పలు సహా. తల్లి దాన్ని నోట కరుచుకుని గూటిలోంచి తీసుకెళ్లి పెట్టె మూలన పెట్టింది. చేతికి దాని గూటి రంపపు పొట్టు రుద్దుకుని, వాసన రాకుండా పిల్లను తీసి మళ్లీ గూటిలో పెట్టాను. మళ్లీ తీసుకెళ్లి మూలన పెట్టింది. నాలుగుసార్లు. నాలుగోసారి పిల్లను దింపి, దాని పక్కన కూర్చోకుండా, నా వైపు తిరిగి కూర్చుంది. మూడో రోజు పొద్దున పిల్ల పోయింది. కోసి చూస్తే పొట్టలో పాలు లేకపోవడం తప్ప ఇంకే లోపమూ లేదు. రానున్నదేదో తల్లికి తెలిసి ఉంటుంది. నాకు తెలియదు.

ఎనిమిదో నంబరు సెప్టెంబరులో కుంటడం మొదలుపెట్టింది, అక్టోబరులో పోయింది. ఎడమ తొడ ఎముకలో కంతి. ఐదో నంబరు మొన్న పోయింది. కంతి ఎక్కడో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టుకునే మాట రాస్తున్నాను. పాపకు ఆరేళ్లు. ఒక ఆదివారం స్నానం చేయించి, తుండు చుట్టి, కిటికీ తెరలు లాగి, టార్చి వేశాను. మనిషి ఒంట్లో ఆ వెలిగే గుర్తు లేదని, మనం ఎలుకల్లోనే పెట్టామని నాకు తెలియదా? తెలిసే వేశాను. భుజాలు చూశాను, వీపు చూశాను, చెవుల వెనక చూశాను. కనబడలేదు, కనబడదు కూడా. పాప గొడవ చేయలేదు, బొమ్మలా నిలబడింది. మామూలుగా తల దువ్వుతుంటేనే ఒక్కచోట నిలబడని పిల్ల. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని టార్చి కిందికి దింపింది.

"అక్కడ కాదమ్మా. ఇక్కడ," అంది.

కుడి డొక్క కింద, బొడ్డుకు నాలుగు వేళ్ల దూరంలో. ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. ఎవరూ చెప్పలేదట. ఎప్పుడూ అక్కడ ఎవరో నిలబడినట్టు ఉంటుందట.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నొక్కి చూశాడు, స్కానింగు తీశాడు. ఏమీ లేదు, పిల్ల రాయిలా ఉంది అన్నాడు. మావారు ఆ రాత్రి హాయిగా పడుకున్నారు. ఏమీ లేదనే మాట ఎనిమిదో నంబరు తొడ తడిమినప్పుడు నేను కూడా అనుకున్నదే.

రెండు ముక్కలైనా రాయి అక్కా.

నీ
పిచ్చుక


ఏప్రిల్ 19, ఆదివారం

గౌరవనీయురాలైన అక్కకు,

ఈసారి నమస్కారం కూడా తడబడుతూ రాస్తున్నాను. పాప బాగుంది. రెండోసారి స్కానింగులోనూ ఏమీ కనబడలేదు. ఆరు నెలలకోసారి తీయిస్తానంటే డాక్టరు నన్ను వింతగా చూశాడు, చూడనీ. ఇక నా సంగతికొస్తే, పెట్టెల్లోవి చూసిన చోట, నా ఎడమ పక్కన, చిన్నది ఏదో ఉందన్నారు. ఫిబ్రవరిలో తీసేశారు. అంత ముందుగా ఎలా కనిపెట్టి వచ్చావమ్మా, నొప్పి కూడా లేదంటున్నావు అని అడిగారు. ఊరికే అనుమానం వచ్చిందని చెప్పాను. మానుతోంది. నువ్వు కంగారు పడకు.

పని ముగిసింది. ఇరవై నాలుగింటిలో ఇరవై ఒకటి పోయాయి. అందులో ఇరవై, గీసిన చోటే. పెద్ద ఎలుకల కోతల్లో ఆ చోట కాపలా కణాలు గుండ్రంగా, చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు నిలబడి ఉన్నాయి. ఒక్కటి కూడా అక్కణ్ణించి కదల్లేదు. పుట్టినప్పటి నుంచి అవే ఉన్నాయో, ఒకటి పోతే ఇంకోటి వచ్చి అదే చోట నిలబడిందో తేల్చడం నా వల్ల కాదు.

పిండాల్లో కూడా ఆ చుక్క కోసం వెతికాను. అది నువ్వు చేయలేదు కాబట్టి విను. పన్నెండో రోజు పిండానికి చేతులు ఇంకా తెడ్ల మాదిరే ఉంటాయి, వేళ్లు విడిపోవు. ఒక పిండంలో ఆ తెడ్డు అంచున, మూడో వేలు రాబోయే చోట, చుక్క వెలుగుతోంది. చీకటి గదిలో సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి ఎంతసేపు చూశానో తెలియదు. వేలు ఇంకా లేదు. దానికొచ్చే జబ్బు అసలే లేదు. కాపలా మాత్రం వచ్చేసింది. ఇల్లు కట్టని ఖాళీ స్థలంలో ఎవరో వచ్చి, వాకిలి ఎటు వస్తుందో ముందే తెలిసినట్టు నిలబడితే ఎలా ఉంటుంది? అలా ఉంది నాకు. కన్ను తీసి లైటు వేశాను. ఆ తర్వాత రెండు రోజులు ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్లలేదు.

పెద్దసారును పిలిచి చూపించాను. ముసలివాడైపోయాడు అక్కా, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు. నీ పుస్తకం నా దగ్గరుందని చెబితే అడిగి తీసుకుని, ఒక్కో పేజీ తిప్పాడు. అరగంట తర్వాత, తనను తానే అడుగుతున్నట్టు నన్ను అడిగాడు.

"మరి అప్పుడెందుకు కుదరలేదు?"

తెలియదు సార్ అన్నాను.

నీకు తనే స్వయంగా ఉత్తరం రాస్తానన్నాడు. పటం మీద మొదటి పేరు నీదే ఉండాలన్నాడు. రమ్మని అడుగుతాడు. నువ్వు రావాలనుకుంటే రా, వద్దనుకుంటే మానెయ్, నేనేమీ అనుకోను. కానీ నా మాటగా ఒక్కటి అడుగుతున్నాను, ఇందులో నా స్వార్థం ఉంది, దాచను. చుక్కల్ని నీ అంత బాగా చూసే కళ్లు ఇంకెవరికీ లేవు. ఒక్కసారి వచ్చి పాపను చూడు. ఏం చూస్తావో నాకు తెలియదు. ఊరికే చూడు.

దుకాణంలో నిలబడే పనైతే మోకాళ్లు జాగ్రత్త.

ఇట్లు
నిన్ను అక్కా అని పిలిచే అర్హత ఉందో లేదో తెలియని
పిచ్చుక

తా.క. పై సంతకం పెట్టి కవరు అంటించాను. మళ్లీ చించాను.

అప్పుడెందుకు కుదరలేదో నాకు తెలుసు. పరీక్షకు రెండు రోజుల ముందు, పెట్టెల అరలు కడగడానికి పద్నాలుగు కార్డులూ తీశాను. తడి చేతుల్లోంచి జారి కింద పడ్డాయి. ఏ ఎలుక ఏదో చెప్పేది ఆ కార్డే. అన్ని పెట్టెల్లోనూ చెవి గాట్లు ఒకటి, రెండు, మూడే కదా. పడటం వరకు పొరపాటు. పదమూడు నెలలు చేత్తో మేపినదాన్ని, ఏ కార్డు ఏ పెట్టెదో నాకు తెలియకపోవడం ఏమిటి? తెలిసే తప్పుగా తగిలించాను. రెండు మాత్రం అనుమానం రాకుండా సరిగ్గా పెట్టాను. ఆ రెండు పెట్టెలవే నీకు కుదిరిన ఆరు.

నీ మీద అసూయ పడి కాదు. అదే అయితే చెప్పడం ఇంకా తేలికయ్యేది. అప్పటికి నాకు మూడో నెల. ఎవరికీ చెప్పలేదు, నీక్కూడా. నీ పుస్తకం బీరువాలోకి వెళ్లే ముందు రోజు అందులోని బొమ్మలన్నీ చూశాను. కడుపులో ఉన్నదానికి కూడా ఎక్కడో ఒకచోట చుక్క పడి ఉంటుందన్న మాట నేను భరించలేకపోయాను. అది అబద్ధం అయిపోవాలి అనుకున్నాను. అబద్ధం అయిపోయింది, నువ్వు వెళ్లిపోయావు.

సరైన వరస ఒక కాగితం మీద రాసి ఉంచుకున్నాను. పరీక్ష జరిగిన సాయంత్రమే ఇంట్లో కూర్చుని దాని ప్రకారం లెక్క చూసుకున్నాను. నలభై రెండింటిలో ముప్పై తొమ్మిది కుదిరాయి. ఏడేళ్లుగా ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కతెనే.

ఆ కాగితం ఇందులోనే పెడుతున్నాను. ఈ తాజా కలానికి ఇక్కడిదాకా ఇంకో ప్రతి రాశాను. ఈ ఉదయం పెద్దసారు ఇంటికి వెళ్లి ఆయన చేతికిచ్చి, చివరి అక్షరం దాకా చదివేవరకు ఎదురుగా నిలబడ్డాను. చదివి మడిచాడు, కూర్చోమని కూడా అనలేదు. నేనూ కూర్చోలేదు.